ఆపరేషను మచ్చలో గర్భము: కోత లేని చికిత్స, ఆలస్యము లేని జాగ్రత్త

(మహిళా సంఘముల సభ్యులు, ఆశా కార్యకర్తలు కూడిన గ్రామ సమావేశమున సమాచార శాఖాధికారి ఒకరు చేసిన ప్రసంగ పాఠము)



మన పల్లెలలో కాన్పు అనగానే ఒకప్పుడు మంత్రసాని గుర్తుకు వచ్చెడిది. నేడు ఆస్పత్రి గుర్తుకు వచ్చుచున్నది. బిడ్డ అడ్డము తిరిగినను, తల్లికి రక్తపు పోటు పెరిగినను, మాయ క్రిందికి దిగి దారికి అడ్డుపడినను, కడుపు కోసి బిడ్డను వెలికి తీసి ఇరువురి ప్రాణములను నిలుపు విద్య మనకు అందుబాటులోనికి వచ్చినది. సిజేరియన్ ఆపరేషను వలన బ్రతికి బట్టకట్టిన తల్లులు, బిడ్డలు మన ఊళ్ళలో ఎందరో కలరు. ఆ ఆపరేషనును నిందించుటకు నేను రాలేదు. ఆపరేషను జరిగిన చోట లోపల మిగిలిపోవు ఒక మచ్చను గూర్చియు, ఆ మచ్చ వలన అరుదుగా వచ్చు ఒక ఆపదను గూర్చియు, ఆ ఆపదను కడుపు కోయకయే తప్పించు మార్గమును గూర్చియు నాలుగు మాటలు చెప్పుటకు వచ్చితిని.

నేను వైద్యుడను గాను. వైద్యులు చెప్పినదానిని అందరికి తెలియు మాటలలో ఊరూరికి చేర్చుట నా ఉద్యోగధర్మము. కావున ఈ మాటలు విని ఎవరును తమకు తాముగా చికిత్స చేసికొనరాదు. ఎప్పుడు ఆస్పత్రికి పోవలెనో, పోయి ఏమి అడుగవలెనో తెలిసిన చాలును.

2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42.4 కాన్పులు సిజేరియన్ ద్వారా జరిగినవి. దేశమంతటికి ఈ లెక్క 21.5 మాత్రమే. మన రాష్ట్రములో ప్రైవేటు ఆస్పత్రులలో జరిగిన కాన్పులలో 63 శాతము, ప్రభుత్వ ఆస్పత్రులలో 26.6 శాతము ఆపరేషనులు. అనగా కుప్పము మొదలు సత్యవేడు వరకు ఏ ఊరికి పోయినను, ఏ వీధిలో నిలిచినను, గర్భసంచిపై కుట్టు పడిన తల్లులు కనిపింతురు. వారందరు మరల గర్భము ధరించునప్పుడు ఏమి జాగ్రత్త పడవలెనో ఊరందరికి తెలిసియుండుట అవసరము.

కనబడని మచ్చ

సిజేరియన్ ఆపరేషనులో రెండు చోట్ల కుట్లు పడును. ఒకటి పొట్ట చర్మముపై పడును. అది మన కంటికి కనబడును. మానినదో లేదో తెలియును. రెండవది లోపల, గర్భసంచి క్రింది భాగమున, ముందువైపు గోడపై పడును. దానికి సరిగా ఎదురుగా మూత్రాశయము ఉండును. పెక్కుమంది తల్లులలో ఈ లోపలి గాయము చక్కగా మానును. కొందరిలో మాత్రము కుట్టు పడినచోట గోడ పలుచబడి చిన్న గాడి వలె మిగిలిపోవును.

మరుసటి గర్భములో పిండము గర్భసంచి పైభాగమున, తనకు తగిన చోట కుదురుకొనవలెను. అట్లు గాక క్రిందికి జారి ఆ గాడిలో కుదురుకొన్న యెడల దానిని సిజేరియన్ మచ్చ గర్భమందురు. నాళములో, అనగా ట్యూబులో, నిలిచిన గర్భమును గూర్చి మీలో పలువురు వినియుందురు. అది గర్భసంచి వెలుపలిది. ఇది గర్భసంచిలోనిదే అయినను ఉండదగిన చోట లేనిది. అందువలననే గుర్తించుట కొంత కష్టము.

వైద్యపత్రికలలో ఈ స్థితి మొదటిసారి 1978లో దక్షిణాఫ్రికానుండి ప్రకటింపబడినది. పలుదేశముల వైద్యుల లెక్కలలో ఇది సుమారు 1,800 నుండి 2,500 గర్భములకు ఒకటి. కావున ఆపరేషను జరిగిన ప్రతి తల్లియు భయపడవలసిన పని లేదు. కాని ఆపరేషనులు పెరిగినకొలది ఈ గర్భములును ఎక్కువగా కనబడుచున్నవి. రెండు మూడు ఆపరేషనులు జరిగినవారికే వచ్చునని అనుకొనుటయు సరిగాదు. ఒక్క ఆపరేషను జరిగినవారిలోను ఇది కనబడుచున్నది.

ఇందులోని అపాయమును ఒక పోలికతో చెప్పుదును. పాత గుడి గోపురపు పగులులో పక్షి వేసిన రావి విత్తనము మొలకెత్తుట మీరందరు చూచినదే. మొలక చిన్నది, చూచుటకు పచ్చగా ముద్దుగానే ఉండును. కాని దాని వేరు పగులులోనికి పోవును. వేరు లావైనకొలది గోడ చీలును. అట్లని మొలకను పట్టి బలముగా లాగితిమా, దానితో ఇటుకలు కూడ ఊడివచ్చును. తెలిసినవాడు వేరు ఎండిపోవు ఉపాయము చేసి, పిదప మెల్లగా తొలగించును. మచ్చలో నిలిచిన గర్భము సంగతియు ఇంతే. పెరుగనిచ్చిన గర్భసంచి గోడ చిరిగి, కడుపులోనికి రక్తము పోయి, గంటలలో ప్రాణము మీదికి రావచ్చును. చిరుగకుండ నెలలు నిండినను మాయ వేళ్ళవలె గోడలోనికి, ఒక్కొక్కప్పుడు మూత్రాశయము వరకు చొచ్చుకొనిపోయి, కాన్పు నాడు విడిపోక, ఆపరాని రక్తస్రావము కలిగించును. అప్పుడు తల్లిని కాపాడుటకు గర్భసంచినే తీసివేయవలసివచ్చును.

ఎట్లు గుర్తింపవలెను?

ఈ స్థితిలో వచ్చు లక్షణములు రెండు: నొప్పి లేకయే కొద్దికొద్దిగా రక్తము కనబడుట, పొత్తికడుపులో సన్నని నొప్పి. కాని సుమారు మూడవ వంతు మందికి ఏ లక్షణమును ఉండదు. నెల తప్పుట, వాంతులు, నీరసము అన్నియు మామూలు గర్భములో వలెనే ఉండును. మూత్ర పరీక్షలో గర్భమున్నదని తెలియునే గాని ఎచ్చట ఉన్నదో తెలియదు.

ఎచ్చట ఉన్నదో చెప్పునది స్కానింగు ఒక్కటే. ఆరు, ఏడు వారములలో యోనిమార్గమున చేయు స్కానింగులో వైద్యులు నాలుగు సంగతులు చూతురు: గర్భసంచి పైభాగము ఖాళీగా ఉన్నదా, గర్భద్వారపు దారి ఖాళీగా ఉన్నదా, గర్భపు తిత్తి పాత కుట్టు ఉన్న ముందు గోడలో ఉన్నదా, ఆ తిత్తికిని మూత్రాశయమునకును నడుమ కండర గోడ ఎంత మిగిలియున్నది. ఈ స్కానింగు వలన తల్లికి హాని లేదు. ఆడబిడ్డయో మగబిడ్డయో చూచుటకు ఇది గాదు. అట్లు చూచుట 1994 చట్టము ప్రకారము నేరము.

ఇచట కాలమే ముఖ్యము. తొలి వారములలో గర్భము మచ్చలో ఉన్నదని స్పష్టముగా కనబడును. వారములు గడచినకొలది తిత్తి పైకి పెరిగి, గర్భసంచి నడుమనే ఉన్నట్లు తోచి, చూచువారిని మోసగించును. అంతేగాక, ఎంత చిన్నదిగా ఉండగా కనిపెట్టిన అంత సులభముగా కోత లేకుండ చికిత్స చేయవచ్చును. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగును. అవి ముఖ్యముగా నాలుగవ నెల దాటినవారి కొరకు ఏర్పడినవి. వెనుక ఆపరేషను జరిగిన తల్లి ఆ నెల వరకు వేచియుండరాదు. నెల తప్పిన వెంటనే ఆశా కార్యకర్తకు తెలుపవలెను. ఆరవ, ఏడవ వారములో స్కానింగు చేయించుకొనవలెను. స్కానింగు చేయువారితో “నాకు ముందు కాన్పు ఆపరేషను” అని తానే చెప్పవలెను. ఈ ఒక్క మాట చెప్పని యెడల, చూడవలసిన చోట వారి చూపు నిలువకపోవచ్చును.

ఒక మందు, ఒక తెలుగువాడు

ఈ గర్భమునకు కోత లేకుండ చేయు చికిత్సలో ముఖ్యమైన మందు పేరు మెథోట్రెక్సేట్. ఇది పుట్టిన ప్రయోగశాలలో పరిశోధన నడిపినవాడు మన తెలుగువాడు, యల్లాప్రగడ సుబ్బారావుగారు.

వారు 1895 జనవరి 12న భీమవరములో జన్మించిరి. బీదతనముతో పోరాడి మద్రాసు వైద్య కళాశాలలో చదివిరి. స్ప్రూ అను వ్యాధి వారి ఇంటిలోనే సోదరుని బలిగొన్నది. 1922లో అమెరికా చేరి హార్వర్డు విశ్వవిద్యాలయములో పరిశోధనలు చేసిరి. 1940లో న్యూయార్కు రాష్ట్రములోని లెడర్లీ ప్రయోగశాలలకు పోయి అచటి పరిశోధనకు నాయకులైరి. వారి బృందము ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలో తయారు చేసినది. గర్భిణులకు మన ఆశా కార్యకర్తలు ఇచ్చు ఇనుము మాత్రలో ఇనుముతోపాటు ఉండునది ఆ ఫోలిక్ ఆమ్లమే. రక్తము పట్టుటకు, బిడ్డ వెన్నెముక సరిగా ఏర్పడుటకు అది అవసరము. స్ప్రూ వ్యాధికిని అది మందయ్యెను.

శరీరములో ఏ కణము రెండుగా చీలి పెరుగవలెనన్నను ఫోలిక్ ఆమ్లము కావలెను. ఆ ఆమ్లమును పోలియుండి, దాని స్థానమును ఆక్రమించి, పని మాత్రము చేయని పదార్థములను కూడ అదే ప్రయోగశాల తయారు చేసినది. బీగములో సరిపోవునట్లే దూరి, తిరుగక అందులోనే ఇరుక్కొనిన దొంగ బీగపుచెవి వంటివి అవి. నిజమైన చెవికి ఇక చోటుండదు. వేగముగా పెరుగు కణములు ఆకలితో ఎండినట్లు ఆగిపోవును. బోస్టను నగరపు వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ఇట్టి మందును రక్త క్యాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చి, వ్యాధి తాత్కాలికముగా వెనుకకు తగ్గుటను 1948లో లోకమునకు తెలిపెను. ఆ సంవత్సరమే ఆగస్టులో సుబ్బారావుగారు 53 సంవత్సరముల వయస్సున కన్నుమూసిరి. ఆ వరుసలోని మెథోట్రెక్సేట్ 1956 నాటికి మాయ కణములనుండి పుట్టు ఒక క్యాన్సరును కూడ లొంగదీసినది. మాయ కణములపై ఈ మందు ఇంత గట్టిగా పనిచేయునని తెలిసిన పిదప, 1982లో జపాను వైద్యులు చోటు తప్పిన గర్భమునకు దీనిని వాడిన సంగతి ప్రకటించిరి. అచటినుండి ఇది మచ్చ గర్భమునకును వచ్చినది.

గర్భమును పోషించు మాత్రయు, చోటు తప్పిన గర్భపు పెరుగుదలను ఆపు మందును ఒక్క ప్రయోగశాలనుండియే వచ్చినవి. ఈ సంగతిని ఆడవారు ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను. ఎందుకనగా ఒకటి రెండవదానికి విరుగుడు. మెథోట్రెక్సేట్ తీసికొన్న తల్లి డాక్టరు మరల చెప్పువరకు ఫోలిక్ ఆమ్లము గల మాత్రలు మ్రింగరాదు.

కోత లేని చికిత్స ఎట్లు జరుగును?

ఈ చికిత్స అందరికి తగదు. తల్లి నాడి, రక్తపు పోటు నిలకడగా ఉండవలెను. రక్తస్రావము ఎక్కువగా ఉండరాదు. గర్భసంచి చిరిగిన సూచనలు ఉండరాదు. రక్తకణములు, కాలేయము, మూత్రపిండములు మంచి స్థితిలో ఉన్నవని పరీక్షలు చెప్పవలెను. కావలసినప్పుడు వెంటనే ఆపరేషను చేయుటకు, రక్తము ఎక్కించుటకు వీలున్న పెద్ద ఆస్పత్రిలోనే ఇది జరుగవలెను.

మొదటి పద్ధతిలో, స్కానింగు తెరపై చూచుచు సన్నని సూదిని సరిగా గర్భపు తిత్తిలోనికి పంపి మందును అక్కడనే విడుతురు. పిండమునకు గుండె కొట్టుకొనుచున్న యెడల దానిని ఆపు మందును కూడ ఇత్తురు. దీనితోపాటు తొడకో భుజమునకో మెథోట్రెక్సేట్ ఇంజెక్షను కూడ ఇయ్యవచ్చును. భుజమునకు వేయు ఇంజెక్షనుతోనే సరిపుచ్చరాదా యని కొందరు అడుగుదురు. మచ్చ చుట్టునున్న నారకణజాలములో రక్తము తక్కువగా పారుటచేత మందు చాలినంత అక్కడికి చేరదు. అమెరికాలోని తల్లి–గర్భస్థ శిశు వైద్యనిపుణుల సంఘము 2020లో ఇచ్చిన సూచనలలో, ఆ ఒక్క ఇంజెక్షనునే నమ్ముకొనరాదని స్పష్టముగా చెప్పినది.

రెండవ పద్ధతిలో గర్భద్వారము గుండ బుడగ గల సన్నని గొట్టమును పంపి, బుడగను ఉబ్బించి, తిత్తిని అదిమి, రక్తము కారకుండ చూతురు. మూడవదానిలో గజ్జ వద్ద గాని మణికట్టు వద్ద గాని నరములోనికి దారమువంటి గొట్టమును పంపి గర్భసంచికి పోవు రక్తనాళములను మూయుదురు. రక్తస్రావము భయమున్నచోట ఇది ఇతర చికిత్సలకు తోడుగా ఉపయోగపడును.

వీనిలో ఏ పద్ధతి ఎవరికి తగునన్నది గర్భపు వయస్సు, తిత్తి పరిమాణము, మిగిలిన గోడ మందము చూచి వైద్యులు నిర్ణయింతురు. స్కానింగు చూచుచు మెల్లగా పీల్చి తీయుట గాని, ఆపరేషను చేసి మచ్చతో కూడ తొలగించి కుట్టుట గాని కొందరికి మేలు. అట్టివారికి ఆపరేషను వలదని పట్టుపట్టుట మంచిది గాదు. కోత లేని చికిత్స గొప్పదని గాదు, తగినవారికి తగిన సమయమున గొప్పది.

చూడక గుడ్డిగా లోపల గీకి శుభ్రము చేయుట మాత్రము మిక్కిలి ప్రమాదకరము. ఇది మొలకను పట్టి లాగుట వంటిదే. స్కానింగు లేకుండ మందుల దుకాణములో గర్భస్రావపు మాత్రలు కొని మ్రింగుటయు అట్టిదే. మూడవ బిడ్డ వలదనుకొనియో, చిన్నబిడ్డ ఇంకను పాలు త్రాగుచున్నదనియో, ఎవరికి చెప్పక మాత్రలు మ్రింగు ఆడవారు ఉందురు. గర్భము మచ్చలో ఉన్న యెడల ఆ మాత్రలే రక్తపు మడుగునకు కారణము కావచ్చును. దాపరికమునకు ఇంత వెల చెల్లింపవలసిన పని లేదు. గర్భవిచ్ఛిత్తి 1971 చట్టము క్రింద, 2021 సవరణతో, అనుమతి గల ఆస్పత్రులలో సక్రమముగా జరుగుచున్నది. పదునెనిమిది సంవత్సరములు నిండిన స్త్రీ విషయమున ఆమె సమ్మతి ఒక్కటియే చాలునని చట్టము చెప్పుచున్నది.

ఇంజెక్షనుతో పని ముగియదు

ఈ చికిత్సలో అసలు కష్టము ఇంజెక్షను పడిన పిదపనే ఆరంభమగును. రక్తములో గర్భమును తెలుపు హార్మోను, బీటా హెచ్‌సీజీ, ఒక్కనాడు తగ్గదు. మొదట కొంత పెరిగి పిదప తగ్గవచ్చును. స్కానింగులో తిత్తియు మొదట పెద్దదైనట్లు కనబడవచ్చును. హార్మోను పూర్తిగా పోవుటకు వారములు, తిత్తి పూర్తిగా కరిగిపోవుటకు నెలలు పట్టును. అంతవరకు డాక్టరు చెప్పిన నాడెల్ల రక్తపరీక్షకు, స్కానింగునకు పోవలెను. “ఒంట్లో బాగానే ఉన్నది, బస్సు ఛార్జీలు దండుగ” అని మధ్యలో మానినవారికే ఆపద ఎక్కువ. కుప్పము, పలమనేరు ప్రాంతములనుండి తిరుపతికి గాని, సరిహద్దు దాటి వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు గాని పోయి వచ్చుట పగలంతయు పట్టు పని. ఆ కష్టమును కుటుంబము ముందుగానే లెక్కవేసికొనవలెను. ఇట్టి చికిత్స జరుగుచున్నంతకాలము తల్లి పెద్ద ఆస్పత్రికి త్వరగా చేరగల చోట బంధువుల ఇంట ఉండుట మేలు.

ఇంటిలో పాటింపవలసినవి ఇవి:

1. ఫోలిక్ ఆమ్లపు మాత్రలు, అవి కలిసిన బలపు మందులు డాక్టరు చెప్పువరకు ఆపవలెను.

2. నొప్పి మాత్రలు దుకాణములో అడిగి కొనరాదు. కొన్ని నొప్పి మాత్రలు ఈ మందుతో కలిసి మూత్రపిండములకు హాని చేయును. డాక్టరు వ్రాసినదే వాడవలెను.

3. మద్యము ముట్టరాదు. మంచినీరు చాలినంత త్రాగవలెను. ఎండలో పొలముపని మానవలెను; ఈ మందు వలన చర్మము ఎండకు త్వరగా కందును.

4. బరువులెత్తుట, దంపతుల కలయిక డాక్టరు అనుమతి వచ్చువరకు మానవలెను.

5. చంటిబిడ్డకు పాలిచ్చు తల్లి ఆ సంగతి చికిత్సకు ముందే చెప్పవలెను. ఈ మందు తీసికొన్న పిదప పాలు ఇయ్యరాదు.

6. తల్లి రక్తము ఆర్‌హెచ్ నెగటివ్ అయిన యెడల యాంటీ–డి ఇంజెక్షను సంగతి డాక్టరును అడుగవలెను.

7. నోరు పూయుట, వికారము, నీరసము కొందరికి కలుగును. జ్వరము వచ్చినను, నోటి పుండ్లు ఎక్కువైనను ఆస్పత్రికి పోవలెను.

8. రక్తము గుడ్డలు తడిసిపోవునట్లు కారినను, కడుపులో తీవ్రమైన నొప్పి పుట్టినను, భుజము మీద నొప్పి వచ్చినను, కన్ను తిరిగి పడిపోయినను, నిమిషము ఆలసింపక 108కి ఫోను చేయవలెను. 2005 ఆగస్టునుండి ఈ అంబులెన్సు మన రాష్ట్రములో ఉచితముగా నడచుచున్నది. ఆస్పత్రిలో మొట్టమొదట చెప్పవలసిన మాట “మచ్చ గర్భమునకు చికిత్స జరుగుచున్నది” అని. చికిత్స కాగితములు ఎల్లప్పుడు ఒక సంచిలో సిద్ధముగా ఉంచుకొనవలెను.

మనసును వేధించు ప్రశ్నలు

“గుండె కొట్టుకొనుచున్న గర్భమును తీసివేయుట పాపము గాదా?” అని తల్లులు కన్నీటితో అడుగుదురు. ఈ ప్రశ్నను తేలికగా కొట్టివేయరాదు. కొందరు ఇట్టి గర్భమును కొనసాగించి సజీవమైన బిడ్డను కన్న సందర్భములు లోకములో లేకపోలేదు. కాని అట్టివారిలో చాలమందికి మాయ గోడలో చొచ్చుకొనిపోయి, రక్తము వరదవలె పారి, గర్భసంచిని తీసివేయవలసి వచ్చినది. మధ్యలోనే గర్భసంచి చిరిగినవారును కలరు. అందువలననే నిపుణులు కొనసాగించుటను ప్రోత్సహింపరు. ఇంటిలో ముందు పుట్టిన బిడ్డ తల్లి కొరకు ఎదురుచూచుచుండును. ఆ బిడ్డకు తల్లిని దక్కించుట పాపము గాదు. ఐనను ఆ నిర్ణయము తల్లిదే. నిజమంతయు ఆమెకు తెలియజెప్పి, ఆలోచించుకొను వ్యవధి ఇచ్చి, ఆమె వెంట నిలుచుట మన ధర్మము.

“మరల బిడ్డలు కలుగుదురా?” కలుగుదురు. గర్భసంచి నిలిచిన తల్లులలో పలువురు పిదప ఆరోగ్యమైన గర్భము ధరించిరి. మెథోట్రెక్సేట్ తీసికొన్న పిదప కనీసము మూడు నెలలు గర్భము రాకుండ చూచుకొనవలెను. మచ్చ స్థితిని బట్టి డాక్టరు ఇంకను ఎక్కువ కాలము ఆగుమనవచ్చును. ఇది మరల వచ్చుటకు కొంత అవకాశము ఉన్నందున తరువాతి గర్భములో తొలి స్కానింగు తప్పనిసరి.

“ఎవరి దోషము వలన వచ్చినది?” ఎవరి దోషమును గాదు. ఆమె బరువెత్తినందున గాని, తినరానిది తిన్నందున గాని, దిష్టి వలన గాని వచ్చినది గాదు. కోడలిని నిందించు నోరు, ఆమెను స్కానింగునకు తోడ్కొనిపోవు చేయి, రెండును అత్తగారివే. ఏది ముందుకు రావలెనో పెద్దలైన మీకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఊరు చేయదగిన పనులు

తిరుపతిలో 1960లో శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాల ఏర్పడినది. ప్రభుత్వ ప్రసూతి ఆస్పత్రి ఆ కళాశాలకు అనుబంధముగా పనిచేయుచున్నది. శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థయు ఆ నగరముననే కలదు. ఇన్ని సంస్థలు దగ్గర ఉన్నను, నెల తప్పిన తల్లి ఇల్లు కదలని యెడల వాని వలన ఆమెకు ప్రయోజనము లేదు. ఆ తొలి అడుగు వేయించుట ఊరివారి పని.

ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎం.లు తమ పుస్తకములో సిజేరియన్ జరిగిన తల్లుల పేర్లకు ఒక గుర్తు పెట్టుకొనవచ్చును. గుర్తు ఉన్న తల్లి నెల తప్పినదని తెలిసిన నాడే ఆమెను స్కానింగునకు పంపవలెను. మహిళా సంఘములు దారిఖర్చులకు చేబదులు ఇచ్చు ఏర్పాటు చేసికొనవచ్చును. కాన్పునకును మరుసటి గర్భమునకును నడుమ కనీసము రెండు సంవత్సరముల ఎడముండవలెనన్న సలహాను ఆపరేషను జరిగిన దంపతులకు మరింత గట్టిగా చెప్పవలెను. ముందు కాన్పు ఆస్పత్రివారు ఇచ్చిన కాగితమును పారవేయక పెట్టెలో భద్రపరచవలెను. ఇక మొదటి కాన్పు నాడే, ఆపరేషను అవసరమా యని డాక్టరును మర్యాదగా అడుగుట కుటుంబమునకు హక్కు. ముహూర్తము కొరకు, నొప్పుల భయము కొరకు ఆపరేషను కోరరాదు. అవసరమైనప్పుడు వెనుకాడను రాదు.

మగవారితో ఒక మాట. ఈ విషయములు ఆడవారివని తలవంచి ప్రక్కకు పోవలదు. వారము వారము రక్తపరీక్షకు తోడుపోవలసినది మీరే. రక్తము అవసరమైన నాడు దాతలను పిలువవలసినది మీరే. మూడు నెలలు ఓర్పు చూపవలసినదియు మీరే.

సోదరీమణులారా, ఈ ఆపద అరుదు. గుర్తించుట సాధ్యము. తొలి వారములలో గుర్తించిన పెక్కుమందిని కడుపు కోయకయే కాపాడవచ్చును. ఇంటికి పోయిన పిదప నేటి ప్రసంగములో మిగిలినదంతయు మరచినను, మూడు మాటలు మాత్రము మరువకుడు: ముందు కాన్పు ఆపరేషను అయినచో నెల తప్పిన వెంటనే స్కానింగు, స్కానింగు లేనిదే ఏ మాత్రయు వలదు, చికిత్స మొదలిడిన పిదప డాక్టరు చాలుననువరకు విడువరాదు. ఈ మూడు మాటలను మీ వీధిలో ఆపరేషను కాన్పు అయిన ప్రతి తల్లికి ఈ వారములోనే చేరవేయుడు.